ముక్కు మేస్త్రి

ఆయిలు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, దాని కొనను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు మేస్త్రి. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. మంచినీళ్ళలో ముంచిన పుల్లను వాసన చూసినట్టే ఉంది. ఓరకంట పక్క షెడ్డు వైపు చూసి, పుల్లను దాని గొట్టంలో దూర్చేసి, "మార్చాల్సిందే" అన్నాడు టాక్సీ డ్రైవరుతో. ఆ మాట చెప్పడానికి ముక్కు అక్కర్లేదు. ఆయిలు తారులా నల్లగా ఉంది.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. నెరిసిన మీసాన్ని పొద్దున్నే కత్తిరించుకుంటాడు గానీ గడ్డం సంగతి పట్టించుకోడు. వయసులో ఉన్నప్పుడు స్పానరు జారి తగలడంతో ముక్కు దూలం దగ్గర కాస్త వంగి ఉంటుంది. ఎంత సబ్బు పెట్టి తోమినా గోళ్ళ అంచుల్లో నలుపు పోదు. పెళ్ళయిన కొత్తలో ఆ నలుపు వదలగొట్టాలని భార్య నిమ్మచెక్కలతో నెలల తరబడి ప్రయత్నించి, చివరికి అది ఒంటి రంగే అనుకుని ఊరుకుంది.

ముక్కు అనే పేరు ఆయన పనిలో చేరిన పెద్ద వర్క్‌షాపులో పెట్టారు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే, కింద కూర్చుని బోల్టులు కడుగుతూనే, తల ఎత్తకుండా చెప్పేసేవాడు. క్లచ్ పళ్ళెం కాలుతోంది. రేడియేటరు నీళ్ళు ఇంజనులోకి పోతున్నాయి. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. విప్పి చూస్తే అదే అయ్యేది. పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని ఆడపిల్ల తరఫువాళ్ళు అడిగితే, మధ్యవర్తి "వాసన చూస్తాడు" అన్నాడట. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. పెళ్ళికూతురు తమ్ముడు మాత్రం ఆ పనేదో చూడాలని ఆయన వెంట పడి, డెంటింగూ పెయింటింగూ నేర్చుకుని, చివరికి పక్క షెడ్డులోనే స్థిరపడ్డాడు.

కిందటి వానాకాలం జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను తీసుకుపోయింది. జలుబేమో, తగ్గుతుందిలే అనుకున్నాడు. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. మేస్త్రి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున పాలు పొంగి, పొయ్యి మీద మాడి, గిన్నె అడుగు నల్లబడుతుంటే, వంటింటి గుమ్మంలో పేపరు చదువుతూ కూర్చున్నాడు. పెరట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. పొయ్యి ఆపి, బాత్రూములోంచి ఫినాయిలు సీసా తెచ్చి, మూత తీసి, ఆయన కళ్ళ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ముక్కు కింద పట్టుకుంది.

"ఇదేంటో చెప్పండి."

"కిరసనాయిలు."

ఆమె సీసాకి మూత బిగించి, ఆయన పక్కనే నేల మీద చతికిలబడింది. ఆ రోజు నుంచి ఆమె గ్యాసు పొయ్యి దగ్గర ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి, "షట్టరు తీసే ఉంచండి, పొగ నిండినా మీకు తెలీదు" అని చెప్పేది. "నువ్వు చెప్పాలా" అని ఆయన వెళ్ళిపోయేవాడు. ఈవేళ కూడా చెప్పింది. ఆకాశం వైపు చూసి, గొడుగు చేతికిచ్చి మరీ చెప్పింది.

టాక్సీ వెళ్ళిపోయాక రొట్టెలావిడ వచ్చింది. తెల్లటి చిన్న కారు. వెనక సీటు పీకించేసి, అక్కడ రేకు అరలు బిగించుకుంది. తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, ఆ అరల్లో పేర్చుకుని, హాస్టళ్ళకీ టీ కొట్లకీ వేసి వస్తుంది. భర్త మంచాన ఉన్నాడు. ఆ కారు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

"రా అమ్మా. రొట్టెల వాసన వీధి మొదట్లోంచే వస్తోంది" అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ. ఆమె వచ్చినప్పుడల్లా అనే మాటే అది.

ఆవిడ నవ్వలేదు. దిగి, తలుపు తెరిచే ఉంచి, ఆయన ముఖంలోకి వింతగా చూసింది.

"ఇవాళ రొట్టెలు వెయ్యలేదండీ. అరలన్నీ కడిగేసి ఎండబెట్టాను. పెట్రోలు కంపు కొడుతున్నాయని అందరూ వెనక్కి ఇచ్చేస్తున్నారు." కాస్త ఆగింది. "మీకు రావట్లేదా? నేనయితే లోపల కూర్చోలేకపోతున్నాను."

పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"జలుబమ్మా" అన్నాడు మేస్త్రి.

"మీటర్ల పక్కన ఆ ఇంజను లైటు మళ్ళీ వెలిగింది. మీరు సెన్సారు మార్చి వారం కూడా కాలేదు."

మార్చింది ఆయనే. పొగగొట్టంలో వేలెడంత సెన్సారు ఒకటి ఉంటుంది. ఇంజను వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి చెప్పడం దాని పని. పెట్రోలు ఎక్కువై గాలి చాలకపోతే, దానికి తగిలించే మీటరులో అంకె పైకి పోతుంది. గాలి ఎక్కువైతే దిగుతుంది. బాగున్న బండిలో ఆ అంకె ఒకచోట నిలవదు, పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఈ కారులో అది పైనే అతుక్కుపోయింది. ఒకప్పుడైతే పొగగొట్టం దగ్గర వంగి ఒక్కసారి పీల్చి, సెన్సారు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చేసేవాడు. కిందటి వారం వంగాడు, పీల్చాడు, ఏమీ తెలియలేదు. తెలియలేదని ఒప్పుకోలేక, సెన్సారే పాడైందని చెప్పి కొత్తది బిగించి పంపించేశాడు.

"పొరపాటు నాదేనమ్మా" అన్నాడు. "అది నిజమే చెబుతోంది. నేనే దాని నోరు నొక్కాను. సాయంత్రానికి సంగతేంటో తేలుస్తాను."

"రేపు పొద్దున హాస్టలుకి వెయ్యాలండీ. ఈసారి కూడా కంపు కొడితే వేరే వాళ్ళని చూసుకుంటామన్నారు."

"వేద్దువుగాని. బండి నా దగ్గర పెట్టి వెళ్ళు."

ఆవిడ గొడుగు విప్పుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

బావమరిది సుత్తి పట్టుకునే వచ్చాడు. రెండు షెడ్లకీ మధ్య ఒక రేకు గోడే అడ్డం. ఇక్కడి మాట అక్కడికి వినబడుతుంది.

"ఎన్నాళ్ళయింది బావా?"

"ఏది?"

"ముక్కు."

మేస్త్రి బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించాడు. "జ్వరం వచ్చినప్పటినుంచి."

"అక్కకి తెలుసా?"

"ఆవిడే కనిపెట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మైకు పెట్టి చెప్పినట్టే కదరా. ముక్కు లేని ముక్కు మేస్త్రి అని బోర్డు కూడా నువ్వే రాసి తగిలిస్తావు."

బావమరిదికి నవ్వొచ్చింది గానీ మధ్యలోనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి చూస్తున్న ముఖమే ఇవాళ వేరేలా కనబడింది. "వాసన చూడాల్సి వస్తే నన్ను పిలువు. నా ముక్కుకి పేరు లేదు గానీ పని చేస్తుంది" అన్నాడు.

మేస్త్రి ఆయిలు పుల్ల తీసి అతని ముందు పెట్టాడు. ఇలా ఎవరినైనా అడగడం జీవితంలో మొదటిసారి. బావమరిది వంగి, వాసన చూసి, ముఖం చిట్లించాడు.

"పెట్రోలు. ఘాటుగా ఉంది."

"ఊఁ" అన్నాడు మేస్త్రి. ఇంజను ఆయిల్లో కూడా పెట్రోలు కలుస్తోందంటే కారణం చిన్నదేమీ కాదు. ఎక్కడినుంచో ధారగానే దిగుతోంది.

వాన ఊపందుకుంది. రేకుల మీద పడుతుంటే గట్టిగా అరిస్తే తప్ప మాట వినబడటం లేదు. పక్క షెడ్డు కప్పులో ఎప్పటినుంచో ఉన్న చిల్లులోంచి నీళ్ళు కారి, స్విచ్చు బోర్డు పక్కగా గోడ మీద చారలు కట్టాయి. బావమరిదికి రంగులో కలిపే మందు అయిపోయింది. కొట్టు మూసేలోపు వెళ్ళి తెచ్చుకోవాలి. వెళుతూ వెళుతూ ఆ చారల్ని చూసి, షార్టు అవుతుందేమోనని తన షెడ్డు మెయిన్ మీట కిందికి దించేశాడు. మంచి పనే చేశాననుకున్నాడు.

మేస్త్రి షెడ్డులో వెనక గోడకి పొగ బయటికి తోసే ఫ్యాను ఒకటి ఉంది. దాన్ని కిందటేడు ఇద్దరూ కలిసి బిగించారు. మేస్త్రి బోర్డులో చోటు లేక, దాని తీగని పక్క షెడ్డు బోర్డుకి కలిపారు. ఈ సంగతి ఇద్దరికీ బాగా తెలుసు. ఆ పూట ఇద్దరికీ గుర్తు లేదు. మేస్త్రి తల మీది బల్బు తన సొంత లైను మీద వెలుగుతూనే ఉంది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, బద్ధకంగా ఇంకో చుట్టు తిరిగి, ఆగిపోయాయి. ఆ చప్పుడు పోయిన సంగతి వాన తెలియనివ్వలేదు.

వీధి కాలవ పొంగి బురదనీళ్ళు షెడ్డులోకి రావడం మొదలైంది. విప్పి పెట్టిన సామానంతా నేల మీదే ఉంది. మేస్త్రి షట్టరు సగానికి దించాడు. గాలి విసురుకు జల్లు ఇంకా లోపలికి కొడుతుంటే పూర్తిగా దించి, అడుగున గోనెసంచులు అడ్డం వేశాడు. భార్య మాట గుర్తొచ్చింది. "ఫ్యాను ఉందిగా" అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇంజను స్టార్టు చేశాడు. సెన్సారు వేడెక్కితే గానీ మాట్లాడదు. మీటరు వైర్లు తగిలించి, అంకె కనబడేలా దాన్ని అద్దం అంచున ఆనించాడు. అంకె ఎగబాకి పైన కూర్చుంది. కదల్లేదు. ముందు సెన్సారు బతికే ఉందో లేదో చూడాలి. ఇంజను గాలి పీల్చే చోట చిన్న గొట్టం ఒకటి ఊడదీశాడు. బుస్సుమని అదనపు గాలి లోపలికి పోయింది. ఇంజను తడబడింది. మీటరులో అంకె జారి కిందికి పడింది. గొట్టం మళ్ళీ పెట్టగానే పైకి పోయింది. సెన్సారుకి ఏ జబ్బూ లేదు. పాతదానికీ ఉండి ఉండదు.

ఇక ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. గాలి వడపోసే అట్ట శుభ్రంగానే ఉంది. ఇంజను వేడి చెప్పే సెన్సారు సరిగ్గానే చెబుతోంది. ఈ పద్ధతి ఆయనకి కొత్త. ఇన్నేళ్ళూ ముందు జవాబు తెలిసేది, తరవాత విప్పేవాడు. ఇప్పుడు గుడ్డివాడు గోడ తడుముకుంటూ పోయినట్టు పోతున్నాడు. అయినా పోతున్నాడు. తల దిమ్ముగా ఉంది. కళ్ళు మంటగా ఉన్నాయి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పన్నెండో నంబరు స్పానరు అనుకుని పదో నంబరుది తీశాడు. నవ్వుకున్నాడు. మళ్ళీ పదే తీశాడు.

పెట్రోలు ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటరు దగ్గర చెయ్యి ఆగింది. డబ్బీ అంత ఉంటుంది. లోపల పలచటి రబ్బరు పొర. దాని నెత్తి మీదినుంచి ఒక గొట్టం ఇంజనులోకి పోతుంది. ఆ గొట్టంలో గాలి తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఇంజను ఆపి గొట్టం ఊడదీసి, చూపుడు వేలు దాని నోట్లో పెట్టాడు. వేలు తడిసింది. ఆ తడి మీద నోటితో ఊదాడు. చర్మం ఒక్కసారిగా మంచులా చల్లబడింది. నీళ్ళయితే అంత చల్లబడదు. పెట్రోలే.

రబ్బరు పొర చిరిగింది. పెట్రోలు దొంగదారిన నేరుగా ఇంజనులోకి దిగుతోంది.

మేస్త్రి ఆ వేలినే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. జ్వరం తగ్గిన తరవాత ఆయన ముఖంలో ఇంత వెలుగు రాలేదు. ఫోను తీసి బావమరిదికి కలిపాడు.

"దొరికిందిరా. రెగ్యులేటరు. ఈ బండిది ఒకటి పట్టుకురా."

"నీ గొంతేంటి బావా, ముద్దగా ఉంది?"

"తలనొప్పి. కళ్ళజోడు మార్పించాలి."

"వాన లోపలికి కొడుతోందా?"

"షట్టరు దించుకున్నాలే. ఫ్యాను ఉందిగా. ఒరే, నా వేలే చెప్పిందిరా. వేలు." ఆ మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. తాగినవాడు అన్నట్టుగా అన్నాడు.

బావమరిది నవ్వి ఫోను పెట్టేశాడు.

కొత్తది వచ్చేదాకా ఆగొచ్చు. కానీ రొట్టెలావిడకి ఒకసారి తప్పు చెప్పి పంపినవాడు, ఈసారి రుజువు చూడకుండా ఉండలేకపోయాడు. ఇంజను వైపు రంధ్రానికి బిరడా కొట్టాడు. రెగ్యులేటరు గొట్టం కొనను దూరంగా ఒక సీసాలోకి వదిలాడు. దొంగదారి మూతపడింది. తన అనుమానమే నిజమైతే, ఇప్పుడు అంకె దిగి తీరాలి. లోపల కూర్చుని యాక్సిలరేటరు తొక్కి పట్టుకుని చూడాలి. తలుపు దగ్గర ఆగి, చెప్పులు బురదగా ఉన్నాయని చూసుకుని, రొట్టెలు పెట్టుకునే బండి కదా అని వాటిని బయటే విడిచి, ఒట్టికాళ్ళతో సీట్లోకి ఎక్కాడు. తాళం తిప్పాడు.

మొదట అంకె పైనే ఉంది. ఇన్నాళ్ళూ తాగిన పెట్రోలంతా కక్కాలి కదా. మేస్త్రి ఓపికగా చూశాడు. యాక్సిలరేటరు మీది కాలు దానంతట అదే పక్కకి జారింది. తల వెనక్కి ఆనించాడు. అంకె ఒకసారి వణికింది. దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. ఆడుతోంది. వాన చప్పుడు ఎక్కడో దూరానికి జరిగిపోయినట్టుంది. ఇంటికి వెళ్ళగానే భార్యకి చెప్పాలనుకున్నాడు. వేలు చల్లబడిన సంగతి ముందు చెప్పాలి. కళ్ళు వాటంతట అవే మూసుకుపోతుంటే, ఒక్క క్షణమేగా అనుకుని మూతపడనిచ్చాడు.

స్పేరు పార్టుల కొట్లో బావమరిది కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. కొట్టువాడు లోపల వెతుకుతున్నాడు. నడినెత్తిన ఒక పాత ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయి అది ఆగిపోయింది. బావమరిది ఆగిన రెక్కల వైపు తల ఎత్తి చూశాడు. చూస్తూ ఉండగానే అతని చెయ్యి గాలిలో మీటను కిందికి దించుతున్నట్టు కదిలింది.

ఫోను చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కొట్టువాడు రెగ్యులేటరు పట్టుకుని వచ్చేసరికి కౌంటరు దగ్గర ఎవరూ లేరు.

వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. బండి ఒకచోట ఆగిపోతే దాన్ని అక్కడే పడేసి పరుగెత్తాడు. షట్టరు పైకి ఎత్తేసరికి లోపలినుంచి వెచ్చటి గాలి ముఖాన కొట్టింది. ఇంజను నడుస్తూనే ఉంది. మేస్త్రి సీట్లో తల ఒక పక్కకు వాల్చి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పని మధ్యలో కునుకు తీసినవాడిలా ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నవాడి ముఖంలా ఉంది. అది చూసి బావమరిదికి ఒక్క క్షణం ఆశ కలిగింది. పొగలోని విషం ఎక్కిన ముఖం అలాగే ఎర్రబడుతుందని అతనికి తెలియదు. చంకల కింద చేతులు వేసి వానలోకి లాక్కొచ్చాడు. ఎదురు కొట్టువాళ్ళు వచ్చారు. ఆసుపత్రి బండి వచ్చింది. దాన్లో వచ్చినతను మేస్త్రి చెయ్యి పట్టుకుని చూసి, తొందర పడాల్సిన పని లేనట్టు, నెమ్మదిగా ఆ చేతిని ఆయన ఛాతీ మీద పెట్టాడు.

అన్నీ అయిపోయాక ఒక పొద్దున అక్క షెడ్డుకి వచ్చింది. తమ్ముడు రేకు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇన్ని రోజులూ నోట్లో తిరుగుతున్న మాట అప్పుడు బయటపెట్టాడు.

"మీట నేనే దించానక్కా."

ఆమె చాలాసేపు ఆగిపోయిన ఫ్యాను వైపే చూసింది.

"షట్టరు ఆయన దించుకున్నారు" అంది. తరవాత, "ఆ బండికి ఏమైందో కనిపెట్టారా?" అని అడిగింది.

"కనిపెట్టాడు. నాకు ఫోను చేసి చెప్పాడు."

"ముక్కుతోనా?"

"వేలితో."

ఆమె తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

రెగ్యులేటరు బావమరిదే బిగించాడు. ఆ లైటు మళ్ళీ వెలగలేదు. రొట్టెలావిడ వచ్చి, డ్రైవరు సీటు వైపు చూస్తూ తలుపు దగ్గర ఆగింది. కూర్చోవడానికి ఆమెకి మనసు ఒప్పలేదు. కానీ తెల్లవారితే రొట్టెలు వెయ్యాలి. చివరికి ఎక్కింది. కారు నెమ్మదిగా వెనక్కి జరిగి, వీధిలోకి తిరిగి, వెళ్ళిపోయింది. పొగగొట్టంలోంచి పొగ కూడా కనబడలేదు.

కారు ఉన్న చోట సిమెంటు నేల పొడిగా, పాలిపోయి ఉంది. దాని అంచున, తలుపు ఉండాల్సిన వైపుకి తిరిగి, ఎండిన బురదతో, విడిచిన చెప్పుల జత పక్కపక్కనే ఉంది.